ఉమ్సునాయ్ కోళ్ళగూడు

ఎర్రది వచ్చింది. బోడిమెడది వచ్చింది. చుక్కలవి రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఆ వెనక కుంటిది, బూడిదరంగుది, పొట్టితోకది, తెల్లది. ఉమ్సునాయ్ గూటి తలుపు పక్కన గొంతుక్కూర్చుని, పెదవి కదపకుండా, ఒక్కోదాన్నీ కంటితోనే పలకరిస్తోంది. కోళ్ళని ఆవిడ లెక్కపెట్టదు. మా ఊరు కారజంగాక్‌లో ఎవరూ లెక్కపెట్టరు. నోటితో అంకె పలికితే అందులోంచి ఒకటి తగ్గుతుందని మా భయం. రంగు చూసి, నడక చూసి, వచ్చిందా లేదా అని మనసులో అనుకోవడమే.

నల్లది రాలేదు.

ఆవిడ పక్కకి ఒరిగి, భుజం దాకా చెయ్యి గూట్లోకి పెట్టి తడిమింది. నల్లకోడి రోజూ వెనకగోడ దగ్గర గడ్డిలో పడుకునేది. ఇవాళ తలుపు పక్క మూలలో, చెక్కకి అతుక్కుపోయి ఉంది. పట్టుకుంటే గింజుకోలేదు, అరవలేదు. ఒళ్ళంతా గట్టిగా బిగుసుకుని ఉంది. బయటికి తీసి నేల మీద పెడితే పెట్టినచోటే నిలబడిపోయింది. గూడంతా తడిమితే రెండు గుడ్లు దొరికాయి. నిన్న ఆరు. పుంజు అన్నిటికన్నా ఆఖర్న వచ్చి గుమ్మంలో ఆగింది. అది తెల్లవారుజామున కూయలేదన్న సంగతి ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమైందర్రా మీకు?" అంది మెల్లగా.

అరవై మూడేళ్ళ మనిషి. పొట్టి. నడుము దగ్గర కాస్త పక్కకి వంగింది. తలకి ఎప్పుడూ తెల్లగుడ్డ, దాని అంచు నుదుటి మీదికి లాగి కట్టి ఉంటుంది. చేతులు మాత్రం ఈ కాలంలో మణికట్టు దాకా నల్లగా ఉంటాయి. పచ్చి అక్రోటు తొక్క పసరు అంటితే సబ్బుకి పోదు, ఇసకకి పోదు, నూతన సంవత్సరం దాటితే గానీ పోదు. మా ఆడవాళ్ళందరి చేతులూ అంతే. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా ఆ నలుపు చూసి, పిల్ల పనిమంతురాలే అనుకుని వెళ్తారు.

అక్రోటు కాలం వస్తే మా ఊళ్ళో దొంగలు కూడా అడవికే పోతారు. ఇంటికి తాళం వేసి, గాడిద మీద బొంతలూ బాణలీ ఎక్కించుకుని, ఆవుని తోలుకుని, కుక్కని వెంటేసుకుని, ఊరంతా పైకి పోయి చెట్ల కింద గుడారాలు వేసుకుంటుంది. మగవాళ్ళు చెట్టెక్కి కొమ్మలు దులుపుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ ఏరతారు. నెల్లాళ్ళు అక్కడే కాపురం. ఊళ్ళో మిగిలేది కదల్లేని ముసలివాళ్ళూ, బాలింతలూ, బాలింతల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళూ. ఉమ్సునాయ్ ముప్పై ఏళ్ళుగా ఏ ఏడూ మానకుండా వెళ్ళింది. ఈ ఏడు వెళ్ళలేదు. కోడలు జిబెక్ ప్రసవించి ఇవాళ్టికి ఇరవై మూడో రోజు. నలభై రోజులు నిండేదాకా బాలింతనీ బిడ్డనీ ఒంటరిగా వదలకూడదు.

కొడుకు సమాత్ అడవిలో ఉన్నాడు. కుక్క కూడా వాడితోనే పోయింది.

గూడు తుడిచి, పాత ఆకులు తీసేసి, కొత్త అక్రోటు ఆకులు పరిచింది. ఆ ఆకు ఘాటుకి పేను పట్టదు. తరవాత రాత్రి తీసిన తొక్కలు గంపలో ఎత్తుకుని గూటి వెనక్కి వెళ్ళింది. అక్కడ తొక్కల కుప్ప ఉంది. గూటి వెనకగోడకి ఆనించి, ఆవిడ నడుమంత ఎత్తు. తొక్క కుళ్ళుతుంటే వేడి పుడుతుంది, ఆ వేడి గోడలోంచి కోళ్ళకి తగులుతుంది, పైగా పురుగూ పుట్రా దగ్గరికి రాదు. ఏ ఇంట చూసినా అంతే, గూటి వెనక కుప్ప ఉండాల్సిందే.

గంప బోర్లించబోయి ఆగిపోయింది.

కంచెకి అడ్డంగా కట్టిన కర్రల్లో రెండు ఊడి కింద పడి ఉన్నాయి. విరగలేదు, ఊడాయంతే. కుప్ప పక్కన బురదలో అడుగు ఉంది. మనిషి ఒట్టికాళ్ళతో నడిచినట్టే ఉంది, అయిదు వేళ్ళూ, మడమా అన్నీ. కాకపోతే ఆవిడ రెండు పాదాలూ పక్కపక్కన పెడితే గానీ ఆ వెడల్పు రాదు. వేళ్ళ ముందు, వేళ్ళకి ఎడంగా, అయిదు గుంటలు. గోళ్ళు.

ఆవిడ గంప దించలేదు. కుప్పకేసి చూసింది, గూటికేసి చూసింది. గూటి చెక్కలన్నీ బాగానే ఉన్నాయి. రాత్రి ఇంత దగ్గరికి వచ్చి, కోళ్ళని ముట్టుకోకుండా ఎందుకు పోయిందో ఆవిడకి బోధపడలేదు. బోధపడకపోవడంతోనే ఎక్కువ భయం వేసింది.

"వదినా, ఉన్నావా?"

వీధివైపు కంచె మీద చేతులాన్చి ఎర్మెక్ నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళ కింద అక్రోటు చెట్టు మీంచి పడి తుంటి విరిగి, అప్పట్నుంచీ ఊళ్ళోనే ఉండిపోయిన మనిషి. కాళ్ళు చేసే పని కూడా నోరే చేస్తుందాయనకి.

"ఉండక ఎక్కడికి పోతాను? చెప్పు."

"నాలుగైదు రోజుల కింద పెద్దాయన సాలియా ఇంటికి వచ్చాడు. ఇవాళ పొద్దున చూసుకొచ్చాను. గూటి కప్పు విరగ్గొట్టలేదు వదినా. బాణలి మూత తీసినట్టు తీసి పక్కన పెట్టాడు. ఆరు కోళ్ళు. ఈకలు మటుకు వాకిలంతా ఉన్నాయి."

ఎలుగుని మా ఊళ్ళో పేరు పెట్టి పిలవరు. పెద్దాయన అంటారు.

"ముందు పైవీధి చివర బూబూ ఇల్లు. తరవాత పిండిమర అతని ఇల్లు. తరవాత సాలియా ఇల్లు," ఎర్మెక్ వేళ్ళు ముడుస్తూ వీధి కిందికి చూపించాడు. ఆ వేలు వరసలో తరవాతి ఇంటి మీదికి వచ్చి, అక్కడ ఆగలేక జేబులోకి పోయింది.

"వచ్చాడు," అంది ఉమ్సునాయ్. "రాత్రి వచ్చి వెళ్ళాడు. అడుగుంది."

ఎర్మెక్ మెడ సాచి గూటి వెనక్కి చూశాడు.

"మూతలు వాయించు," అన్నాడు. "పొద్దు వాలగానే బాణలి మూత తీసుకుని గరిటతో దడదడ వాయించు. రోజూ వాయిస్తున్నాను కాబట్టే నా వాకిలి తొక్కలేదు."

"నీ వాకిట్లో కోళ్ళుంటే గదా తొక్కడానికి."

"సరే, నవ్వు. నవ్వినా మూత వాయించు."

"ఇంట్లో పసివాడున్నాడు ఎర్మెక్. వాడు ఉలిక్కిపడితే?"

"పిల్లలు ఉలిక్కిపడతారు, ఏడుస్తారు, ఊరుకుం..." అని సగంలో మానేసి, ఎర్మెక్ కంచె కర్ర మీది బెరడు గోరుతో గీకాడు. సమాత్ మొదటి బిడ్డ పదకొండో రోజున ఉలికిపాటుతోనే పోయాడు. వాకిట్లో ఎవరో రేకు బకెట్టు జారవిడిచారు, వాడి ఒళ్ళు కొయ్యబారిపోయింది, మళ్ళీ వదులుకాలేదు. ఆ బకెట్టు ఎర్మెక్‌దే. సంగతి ఆయనా మరవలేదు, ఆవిడా మరవలేదు. ఇద్దరూ ఎన్నడూ ఎత్తుకోలేదు.

"పోనీ కోళ్ళని ఇంట్లో పెట్టుకో," అన్నాడు తలెత్తకుండా.

"నలభై నిండని ఇంట్లోనా? నీకు మతి గానీ పోయిందా?"

"సమాత్‌కి కబురు పంపుదామా?"

"ఎవరితో? గాడిదల వాడు ఎల్లుండి గానీ రాడు. నువ్వు వెళ్తావా పైకి?"

ఎర్మెక్ తన కాలు చూసుకున్నాడు. "జాగ్రత్త వదినా," అని కుంటుకుంటూ పోయాడు.

ఇంటి లోపల వెచ్చగా, పాలవాసనగా ఉంది. కొయ్య ఉయ్యాలతొట్టిలో తొక్తోసున్ నిద్రపోతున్నాడు. 'ఆగనీ, ఉండనీ' అని పెట్టిన పేరది. బిడ్డలు నిలవని ఇంట్లో పెట్టే పేరు. వాడి నెత్తి మీద ఉమ్మెత్త కాయంత చోటు మెత్తగా ఎగిసి పడుతోంది. ఉమ్సునాయ్ రోజూ ముందు అది చూస్తుంది, తరవాతే కోడలి మొహం చూస్తుంది. ఇవాళా అలాగే చూసి, రెండు గుడ్లూ ఉడకబెట్టి, నిన్నటి కోడిపులుసు వేడి చేసి, రొట్టె ముంచి ఇచ్చింది.

"మీరు తిన్నారా అత్తయ్యా?"

"తిన్నాను. నువ్వు తిను. పాలు చాలుతున్నాయా?"

"ఇప్పుడు పడుతున్నాయి." జిబెక్ పొయ్యికి వీపు పెట్టి కూర్చుంది. మొదటి రెండు కాన్పుల్లోనూ పాలు లేవామెకి. మూడోసారి ఉమ్సునాయ్ వసంతంలోనే గుడ్లు పొదగేసి, ఎవరికీ చెప్పకుండా కోళ్ళని పెంచింది. గొర్రె కోసే స్తోమత లేని ఇల్లు. వారానికో కోడి, రోజుకో రెండు గుడ్లు, నలభై రోజుల దాకా. అంతకు మించి ఆవిడకి ఏ ఆలోచనా లేదు. ఈ పదిహేడు రోజులూ కోళ్ళు ఉండాలి, కోళ్ళుంటే పాలుంటాయి, పాలుంటే వాడుంటాడు. ఆవిడ లోకమంతా ఇప్పుడు అంతే.

"ఎర్మెక్ బాబాయి ఏమంటున్నాడు?"

"ఏమంటాడు, వాగుతున్నాడు."

జిబెక్ తినడం ఆపి అత్తగారి మొహం చూసింది.

కాసేపటికి ఉమ్సునాయ్ గోనె పక్కన కూర్చుని, మోకాళ్ళ మధ్య చదునురాయి పెట్టుకుని, అక్రోటులు కొట్టడం మొదలుపెట్టింది. ఇది ఆవిడ ఉద్యోగం. చలికాలమంతా వర్తకుడి కొట్టంలో పాతికమంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని చేసే పని. పందొమ్మిదో ఏట ఈ ఊరికి కోడలిగా వచ్చింది. మొగుడు మాట తక్కువ మనిషి. ఒక చలికాలం దగ్గుతో మంచం పట్టి, వసంతం రాకముందే పోయాడు. నీకేం కావాలని ఆయన ఎప్పుడూ అడగలేదు, అడిగితే ఏం చెప్పాలో ఆవిడకీ తెలియదు. ఆవిడ గురించి ఊళ్ళో చెప్పుకోవడానికి ఒకటే ఉంది. ఉమ్సునాయ్ కొట్టిన కాయలో పప్పు చిట్లదు. సుత్తితో ఒకటే దెబ్బ, మరీ గట్టిగానూ కాదు, మెల్లగానూ కాదు, పెంకు రెండుగా విడిపోతుంది, పప్పు సీతాకోకచిలకలా ఒక్క ముక్కగా అరచేతిలోకి వస్తుంది. కొత్తగా చేరిన పిల్లల్ని వర్తకుడు ఆవిడ పక్కనే కూర్చోబెడతాడు. చూసి నేర్చుకోండర్రా అంటాడు. ఆవిడకి సిగ్గేస్తుంది.

ఇవాళ ఎడమభుజం లాగుతోంది. చెయ్యి బరువుగా ఉంది. రెండు కాయలు చిట్లాయి. చిట్లిన పప్పు ఎవరూ చూడకుండా నోట్లో వేసుకుంది.

మధ్యాహ్నం ముళ్ళకంప తెచ్చి కంచె కంత మూద్దామని మళ్ళీ గూటి వెనక్కి వెళ్ళింది. కోళ్ళు ముందువాకిట్లోనే గుంపుగా తిరుగుతున్నాయి. వెనకవైపు ఒక్కటీ రావడం లేదు. యాపిల్ చెట్టు మీద గువ్వలు కూడా లేవు. కంచె దాటి నాలుగడుగులు వేసేసరికి గడ్డిలో పేడ కనిపించింది. ఎలుగుది. పెద్దకుప్ప, నల్లగా ఉంది.

మామూలు మనిషైతే ముక్కు మూసుకుని తప్పుకుపోయేది. ఉమ్సునాయ్ కూర్చుని, పుల్ల తీసుకుని కెలికింది. ఈక ఒక్కటి లేదు. ఎముక లేదు. యాపిల్ తొక్కలున్నాయి, పచ్చి అక్రోటు తొక్క పీచుంది, మిగతాదంతా పెంకు. పెంకు రవ్వలు, అరచెక్కలు, పళ్ళ మధ్య నలిగిన అంచులు. ముప్పై ఏళ్ళుగా పెంకులు చూసిన కళ్ళకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఆవిడ లేచి కుప్ప దగ్గరికి వచ్చి, పైతొక్కలు చేత్తో పక్కకి తోసింది. తొక్కల మధ్య కాయలున్నాయి. తొక్క తీసేటప్పుడు జారిపోయినవి, పుచ్చని వదిలేసినవి, చీకట్లో కనపడక పారేసినవి. గంపకి పదో పదిహేనో. ఇన్ని గంపల్లో ఎన్నో.

అప్పుడు అంతా వరసలో కనిపించిందామెకి. మా పెద్దవాళ్ళ కాలంలో కాయ చెట్టు మీదే ముదిరి, తొక్క తనంతట తాను పగిలి, నేల రాలాకే ఏరేవాళ్ళు. తొక్కలు అడవిలోనే ఉండిపోయేవి. పెద్దాయన వాటా పెద్దాయన దగ్గరే ఉండేది. ఇప్పుడంత ఓపిక ఎవరికుంది? పక్కవాడు ముందు అమ్మేస్తాడని పచ్చిగానే దులిపి, గాడిదల మీద ఇంటికి దింపి, ఇంట్లో తొక్క తీస్తున్నారు. ఆ తొక్క తీసుకెళ్ళి గూటి వెనక పోస్తున్నారు, కోళ్ళకి వెచ్చగా ఉంటుందని. బూబూ గూటి వెనక కుప్ప ఉంది. పిండిమర అతని గూటి వెనకా ఉంది. సాలియా అయితే ఊళ్ళో అందరికన్నా పెద్దకుప్ప నాదని చెప్పుకుంది కూడా. పెద్దాయన కోళ్ళ కోసం రాలేదు. కాయల కోసం వచ్చాడు. రెండు రోజులు కాయలు తిని, మూడో రోజు గోడ అవతల ఏముందో వాసన చూసి ఉంటాడు.

"మనమే పిలిచాం," అంది ఉమ్సునాయ్ పైకి. పక్కన ఎవరూ లేరు.

నిన్న రాత్రి మొదటి రోజు. అలా అనుకోవడానికి లేదు, మొన్న రాత్రి ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు. ఇవాళే ఆ మూడో రోజు కావచ్చు. ఎర్మెక్‌ని పిలవాలనుకుంది. కుంటివాడు గంప మోయలేడు, మోస్తానంటాడు, పడతాడు. పిలవలేదు. అసలు ఒకరిని సాయం అడగడం ఆవిడకి చేతకాదు.

పార తీసుకుని గంప నింపింది. ఇంటి దిగువన అరవై డెబ్భై అడుగుల్లో వాగుగట్టు ఉంది. గట్టు మీంచి గంప బోర్లిస్తే తొక్కలు రాళ్ళ మీద దొర్లుకుంటూ కిందికి పోయాయి. వెనక్కి వచ్చింది. మళ్ళీ నింపింది. నాలుగో గంపకి చెమట పట్టింది, ఆరో గంపకి చెమట చల్లబడింది. ఎడమచేతితో గంప పట్టు దొరకడం లేదని కుడితుంటి మీదికి మార్చుకుంది. కిందిపొరలు కుళ్ళి, బురదలా బరువెక్కాయి. వాటిలోంచి నిజంగానే ఆవిరి వచ్చింది. ఎంత మంచి వేడి, అనుకుంది, అంత భయంలోనూ.

కిటికీలోంచి జిబెక్ పిలిచింది.

"ఏం చేస్తున్నారత్తయ్యా? కాసేపు కూర్చోండి. మొహం చూసుకున్నారా, సున్నంలా ఉంది."

"పనిలో ఉన్నాను. చంటాడు లేచాడా?"

"లేచి తాగి మళ్ళీ పడుకున్నాడు. నేను రానా సాయం?"

"గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను."

జిబెక్ నవ్వింది. ఆ నవ్వు విని ఆవిడకి ఇంకో నాలుగు గంపలకి సరిపడా బలం వచ్చింది.

ఎండ యాపిల్ చెట్టు దాటి, కంచె దాటి, గట్టు మీదికి పోయింది. కోళ్ళు వాటంతటవే తొందరగా గూట్లోకి దూరాయి. ఏవేవి వచ్చాయో చూసుకుంది, అన్నీ వచ్చాయి, తలుపు గడియ పెట్టి అడ్డకర్ర దోపింది. కుప్ప ఇంకా మోకాలెత్తు ఉంది. పొద్దు కొండ మీద చెయ్యెడు ఎత్తుంది. ఇప్పుడు ఆపేస్తే ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు. మిగిలింది రేపు ఎత్తొచ్చు. ఆవిడ పార నేలకి గుచ్చి, దాని మీద ఆనుకుని, ఆ చెయ్యెడు ఎత్తుని చాలాసేపు చూసింది. ఆ మోకాలెత్తు కుప్పలో కాయ ఒక్కటున్నా పెద్దాయన వస్తాడు.

గంప నింపింది.

ఆఖరి గంప బోర్లించి వచ్చి, కంచె కంతకి ముళ్ళకంప అడ్డం పెట్టి, నేల గీకి, పొయ్యి బూడిద తెచ్చి ఆ చోటంతా చల్లింది. వాసన చావాలి. చేతులు దులుపుకుని తలెత్తేసరికి కొండ అంచు మీద ఎరుపు మాత్రమే ఉంది. పొద్దు లేదు.

ఇంటి గుమ్మం దాకా వెళ్ళింది. గడప మీద కాలు పెట్టబోయి, తీసేసింది.

నలభై నిండని ఇంట్లోకి పొద్దు గుంకాక బయటివాళ్ళు రాకూడదు. ఇంటివాళ్ళయినా సరే, బయట ఉండిపోతే బయటే ఉండిపోవాలి. చీకట్లో తిరిగిన మనిషి మడమల వెంట ఏముంటుందో ఎవరికి తెలుసు? అది వచ్చి తొట్టి మీద కూర్చుంటుంది. మా ఊళ్ళో ఈ మాట నమ్మనివాళ్ళున్నారు. నలభై రోజులు మాత్రం వాళ్ళూ పొద్దుండగానే ఇంటికి చేరుకుంటారు.

కిటికీ రెక్క తెరుచుకుంది.

"లోపలికి రండి అత్తయ్యా. చలి."

"పొయ్యింట్లో పడుకుంటాలే. గడియ పెట్టుకో. ఎవరు పిలిచినా తియ్యకు, నేను పిలిచినా తియ్యకు."

"నేను ఆ మాటలు నమ్మను."

"నువ్వు నమ్మకపోతే మానెయ్. నేను నమ్ముతాను." ఉమ్సునాయ్ గోడకి చెయ్యి ఆన్చింది. ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. ఇన్నాళ్ళూ గొంతులో పెట్టుకున్న మాట, ఊపిరి లేని వేళ బయటికి వచ్చింది. "క్రితంసారి, రెండోవాడప్పుడు. కోళ్ళు మూయడానికి వెళ్ళి ఆలస్యమైంది. పొద్దు గుంకాక వచ్చి నీ పక్కనే పడుకున్నాను. నువ్వు నిద్రపోతున్నావు. మూడో రోజున వాడికి జ్వరం వచ్చింది. నేను నీకు చెప్పలేదు."

జిబెక్ కిటికీలోంచి ఇంకాస్త ముందుకి వంగింది.

"తెలుసత్తయ్యా. మేలుకునే ఉన్నాను ఆ రోజు."

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"అడిగితే మీరు బతికేవారా?"

ఉమ్సునాయ్ నల్లటి చేత్తో మొహం తుడుచుకుంది. మొహానికి కూడా పసరు అంటింది.

"ఇప్పుడు రండి," అంది జిబెక్. "నేనే పిలుస్తున్నాను. రండి."

"కిటికీ మూసుకో అమ్మా. చంటాడికి గాలి తగులుతుంది."

కిటికీ మూసుకున్న చప్పుడు విన్నాకే అక్కణ్ణుంచి కదిలింది. పొయ్యింట్లోంచి బాణలి మూతా, ఇనపగరిటా తెచ్చుకుంది. గూటి తలుపుకి వీపు ఆన్చి, ఖాళీగంప బోర్లించి దాని మీద కూర్చుంది. కూర్చోవడంలో గరిట మూతకి తగిలి ఖణీమంది. ఇంట్లోకి చెవి పెట్టి విన్నది. ఏడుపు లేదు. అప్పుడు తలగుడ్డ విప్పి, మూత చుట్టూ తిప్పి, గట్టిగా రెండు ముడులు వేసి ఒళ్ళో పెట్టుకుంది. చల్లగాలి నెరిసిన జుట్టులోకి దూరింది. పెళ్ళయినప్పట్నుంచీ బయట తలగుడ్డ తీసింది లేదావిడ.

వీధి ఆ చివర ఎర్మెక్ మూత వాయించడం మొదలుపెట్టాడు. దూరంగా, మందంగా వినిపించింది. కాసేపటికి అదీ ఆగింది.

మనిషి మొహం పోల్చుకోగలం, కోడి రంగు పోల్చుకోలేం, అలాంటి వెలుతురు. యాపిల్ చెట్టు వెనక కంచె కర్ర కిర్రుమంది. కంప మూసిన వైపు కాదు, ఇంకో వైపు. తరవాత ఊపిరి వినిపించింది. కొలిమి తిత్తిలా, తొందర లేకుండా, లోపలికీ బయటికీ. గూట్లో ఒక్క కోడి కూడా కిక్కురుమనలేదు.

వాడు కుప్ప ఉన్న చోటికి వచ్చాడు. ఆవిడకీ వాడికీ మధ్య గూడొక్కటే అడ్డం. నేల గీకిన చప్పుడు. బూడిద ముక్కులోకి పోయి గట్టిగా తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. తరవాత గూటి వెనకచెక్క మూలిగింది. ఆ ఒత్తిడి కోళ్ళన్నిటినీ పుంజునీ దాటి, తలుపులోంచి ఆవిడ వీపుకి తగిలింది. చెక్కలు ఒకసారి వంగి, మళ్ళీ సర్దుకున్నాయి. తడి కంబళి వాసన, పుల్లటి యాపిల్ వాసన.

ఉమ్సునాయ్ గరిట ఎత్తింది. ముడి విప్పి ఒక్క దెబ్బ కొడితే పోతాడు. కొడితే తొట్టిలో వాడు ఉలిక్కిపడతాడు. గరిట అలాగే గాలిలో ఉంది. ఎడమచేతి వేళ్ళు ముడి మీద ఉన్నాయి, విప్పడం లేదు. పో నాయనా, అంది నోరు మెదపకుండా. నీది నీకు కింద పెట్టాను. వెళ్ళి తిను.

చెక్క ఇంకోసారి మూలిగింది. ఆగింది.

ఊపిరి పక్కకి జరిగింది. గంపలోంచి దారిపొడుగునా రాలిన తొక్కల వాసన పట్టుకుని, నేల మూచూస్తూ, నల్లటి వీపు ఒకటి ఆవిడకి పదడుగుల దూరంలోంచి దిగువకి నడిచిపోయింది. ఆవిడ వైపు తల తిప్పను కూడా లేదు. గట్టు మీంచి రాళ్ళు దొర్లాయి. కాసేపటికి వాగులోంచి చప్పుడు వచ్చింది. టప్. కాసేపాగి మళ్ళీ, టప్.

కాయలు కొడుతున్నాడు. ఉమ్సునాయ్ గరిట దించి విన్నది. ఒకటే పంటిదెబ్బ, రెండోది లేదు. పనివాడే, అనుకుంది.

భుజం లాగడం ఛాతీలోకి దిగింది. లేచి పొయ్యింట్లోకి వెళ్ళాలి, ఇంకాసేపయ్యాక వెళ్దాం అనుకుంది. ఇంట్లో తొక్తోసున్ ఒకసారి కేరుమన్నాడు. ఆవిడ ఊపిరి బిగబట్టింది. జిబెక్ గొంతు ఏదో అంది, ఏడుపు ఆగింది, ఆ తరవాత పాలు తాగేటప్పటి మెత్తటి గుటకలు. ఇంత దూరానికి అవి వినపడవు. ఆవిడకి వినిపించాయి. తల వెనక్కి, గూటి తలుపుకి ఆన్చింది.

పొద్దున్నే పుంజు కూసింది. గూట్లోంచే కూసింది. ఒకసారి కాదు, ఆపకుండా కూస్తూనే ఉంది. ఇంత పొద్దెక్కినా తలుపు తియ్యరేం అని అడిగినట్టుంది.

జిబెక్ కిటికీ తెరిచి పిలిచింది. గూటి దగ్గర అత్తగారు కూర్చునే ఉంది. మళ్ళీ పిలిచింది. కొండ మీద ఎండ బాగా వచ్చేదాకా ఆగి, నిద్రపోతున్న బిడ్డ మీద బొంత సర్ది, ఇరవై నాలుగో రోజున గడప దాటి వాకిట్లోకి వచ్చింది.

నెరిసిన జుట్టు మీద మంచు పట్టి ఉంది. ఇంటికి కోడలై వచ్చిన ఆరేళ్ళలో అత్తగారి జుట్టు చూడటం జిబెక్‌కి అదే మొదటిసారి. ఇంత పల్చటి జుట్టా అనుకుంది. చెయ్యి ముట్టుకుంది, తీసేసింది, మళ్ళీ పట్టుకుంది. గట్టిగా ఏడవాలనిపించింది. ఇంట్లో వాడు లేస్తాడని శాలువా అంచు నోట్లో కుక్కుకుంది. చాలాసేపు అలాగే నేల మీద కూర్చుంది.

లోపల పుంజు తలుపుని పొడుస్తోంది. జిబెక్ లేచి, ఉమ్సునాయ్‌ని మెల్లగా పక్కకి, గోడ వైపుకి ఒరిగించి, అడ్డకర్ర తీసి, గడియ తీసింది. తలుపు పక్కన గొంతుక్కూర్చుంది. ఎర్రది వచ్చింది. బోడిమెడది వచ్చింది. చుక్కలవి రెండూ తోసుకుంటూ వచ్చాయి. కుంటిది, బూడిదరంగుది, పొట్టితోకది, తెల్లది. అన్నిటి వెనకా నల్లది వచ్చి, ముసలావిడ బూట్లని ఒకసారి పొడిచి చూసి వెళ్ళిపోయింది. వెనకగోడ దగ్గర గడ్డిలో గుడ్డు ఉంది, ఇంకా వెచ్చగా.

ఆవిడ ఒళ్ళో బాణలి మూత అలాగే ఉంది, తెల్లటి తలగుడ్డలో చుట్టి, రెండు ముడులూ విప్పకుండా, గుడ్డ మీద అయిదు నల్లటి వేళ్ళ మరకలతో.